కీర్తిశేషుడు పూల్‌సింగ్ వంతెన

"వంతెన అంటే వంతెన కాదు!"

మండలాధ్యక్షులు కిషన్‌లాల్ గారు మైకు ముందు నిలబడి ఈ మాట అనగానే మా హైస్కూలు హాలు చప్పట్లతో దద్దరిల్లింది. చప్పట్లు ఆగాక వెనక బెంచీలోంచి ఎవరో, "మరి ఏంది?" అని అడిగారు. అధ్యక్షులవారు ఒక్క క్షణం తడబడ్డారు. కాని ఊరికే అధ్యక్షులవుతారా!

"అదే మనం చర్చించాలె!" అన్నారు.

మళ్లీ చప్పట్లు!

ఆ విధంగా మా బూరుగుపాడులో మహాచర్చ మొదలైంది. మొదలవడం వరకే మా చేతిలో ఉండింది. ఆపడం మాత్రం ఎవరి చేతా కాలేదు.

నా పేరు సంసోను. అదే హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. వంతెనల గురించి నాకు తెలిసిందల్లా 'సేతువు' అనే పర్యాయపదం ఒక్కటే. అయినా "కూలిన వంతెన స్మారక పునర్నిర్మాణ నమూనాల ప్రజాభిప్రాయ సేకరణ సంఘం" ఏర్పడితే దానికి నన్నే కన్వీనర్‌ను చేశారు. మండలం మొత్తమ్మీద ఆ పేరును ఊపిరి తిప్పుకోకుండా, ఒత్తులు పోకుండా చదవగలిగినవాణ్ణి నేనేనట! విద్యకు ఇంతకన్నా గౌరవం ఏం కావాలి?

అసలు సంగతి చెప్తాను. మా ఊరికీ అవతలి లచ్చతండాకీ మధ్య బూరుగువాగు ఉంది. ఎండాకాలంలో అది ఇసుక. వానాకాలంలో అడవిలో ఎక్కడ చినుకు పడ్డా ఆ కోపమంతా మా దగ్గరికొచ్చి చూపిస్తుంది. దాని మీద ఇనుప పట్టీల కాలివంతెన ఒకటుండేది. ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో ఏ ఆఫీసుకూ తెలియదు. తెలియదు కాబట్టి బాగుచేసే బాధ్యత కూడా ఏ ఆఫీసుకూ లేదు.

లచ్చతండాలో పూల్‌సింగ్ అని ఒక రైతు. బక్కపల్చని మనిషి, ఎర్ర తలపాగా, గట్టి గొంతు. గ్రామసభ కానీ, జన్మభూమి సభ కానీ, ఎవరైనా ఆఫీసరు జీపు దిగి సేదదీరడం కానీ, ఆయన లేచి ఒకటే మాట అనేవాడు. "వంతెన ఊగుతాంది సారూ!" ప్రభుత్వాలు మారాయి, ఆఫీసర్లు మారారు, ఆ వాక్యం మారలేదు. ఆయన లేవడమే ఆలస్యం, వేదిక మీదివాళ్లు టీ తాగడానికి లేచేవారు. చివరికి ఆయన పేరే ఊగుడు పూల్‌సింగ్ అయిపోయింది. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు పాపం, ఆయన తాగి ఊగుతాడని అనుకునేవారు.

రెండువేల ఆరు ఆగస్టులో వాగు పొంగింది. పూల్‌సింగ్ మేకను భుజాన వేసుకుని వంతెన మీద వస్తుండగా పట్టీలు తెగాయి. ఇవతలి ఒడ్డున ఉన్న మేమంతా చూస్తుండగానే వంతెన పోయింది, మనిషీ పోయాడు. మేక ఈదుకుంటూ ఒడ్డెక్కింది. ఆయన ఎక్కలేదు. ఎర్ర తలపాగా ఒక్కటి దిగువన ముళ్లకంపకు చిక్కి దొరికింది. ఆయన భార్య మోతీ ఆ తడి తలపాగాను ఒళ్లో పెట్టుకుని ఒడ్డున కూర్చుంటే, ఆ రోజు మా ఊళ్లో ఎవరూ అన్నం ముట్టలేదు. ఇది నిజం. ఆ ఒక్కరోజు మాలో ఎవరమూ నటించలేదు.

మర్నాటి నుంచి మొదలెట్టాం!

ఆఫీసుల్లో ముందుగా ఒక ధర్మసందేహం వచ్చింది. శవం దొరకలేదు గనక పూల్‌సింగ్ చనిపోయినట్టు ఒప్పుకోలేమని ఒక ఆఫీసు అన్నది. కాబట్టి మోతీకి రావలసిన సాయం ఏదీ రాలేదు. ఊరు ఊరంతా చూసింది గనక చనిపోయినట్టేనని ఇంకో ఆఫీసు అన్నది. కాబట్టి సంతాపసభ జరిగింది, స్మారక వంతెన ప్రకటన జరిగింది, విగ్రహం కూడా పెట్టాలని తీర్మానమైంది. అంటే పూల్‌సింగ్ సాయానికి బతికున్నాడు, విగ్రహానికి చచ్చిపోయాడు!

నమూనాలు గీయడానికి హైదరాబాదు నుంచి ఒక ఆర్కిటెక్టు వచ్చింది. పేరు భార్గవి. చిన్న వయసు, చురుకైన పిల్ల, మంచి మనసు. ఆమె తెచ్చిన బొమ్మల్ని హాల్లో గోడలకు తగిలించి, ప్రజలంతా వచ్చి అభిప్రాయాలు చెప్పాలని ఆటోకు మైకు కట్టి ఊరూరా చాటించాం. ప్రజలు వచ్చారు. బొమ్మలు చూశారు. మోతీ కూడా వచ్చింది. మొదటి బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. అందులో నున్నటి తెల్ల వంతెన మీద టోపీ పెట్టుకున్న ఒకావిడ బొచ్చుకుక్కను నడిపించుకుంటూ పోతోంది.

"ఈ దొరసాని ఏ తండామె?" అని అడిగింది మోతీ.

"ఊరికే, ఊహకోసం వేశాను అమ్మా. వంతెన మీద మనుషులు నడుస్తుంటే ఎలా ఉంటుందో తెలియడానికి," అన్నది భార్గవి.

"మా మేకలు నడిస్తే ఎట్లుంటదో ఎయ్యరాదూ? కుక్కనైతే ఎత్తుకోనన్నా పోతది."

భార్గవి నవ్వి నిజంగానే మేకలు గీయడానికి పెన్సిల్ తీసింది. కాని కిషన్‌లాల్ గారు ఒప్పుకోలేదు. "మేకలు పెడితే స్థాయి పడిపోతది. బొమ్మ జిల్లా దాకా పోవాలె," అన్నారు. ఆయనదీ పుట్టుక లచ్చతండానే. ఇప్పుడు ఖమ్మంలో ఉంటారు. తండాకు ఏం కావాలో అక్కడి నుంచైతే బాగా కనిపిస్తుందట!

ఇక అభిప్రాయాలు! భద్రాచలం పోయే దారి గనక వంతెన రామబాణం ఆకారంలో ఉండాలని ఒక పక్షం లేచింది. బాణం మీద నడవలేం గనక విల్లు ఆకారంలో ఉండాలని దానికి సవరణ వచ్చింది. మనుషులు విల్లు మీద నడవాలా, నారి మీద నడవాలా అని ఒక పూటంతా వాదించుకున్నారు. ఆ విల్లుకు బాణం ఎక్కుపెడితే మండల ఆఫీసుకు గురిపెట్టినట్టవుతుందని ఒక గుమాస్తా అభ్యంతరం చెబితే విల్లును రెండోవైపు తిప్పాం. అటు తిప్పితే పోలీసు స్టేషనుకు గురి! ఆ పూట చర్చను వెంటనే వాయిదా వేశాం.

మా చర్చి పెద్దలు ఊరుకుంటారా? "జలప్రళయానికి జవాబు విల్లు కాదు సంసోనూ, ఓడ! వంతెన నోవహు ఓడలాగ ఉండాలె. నువ్వు కన్వీనరువై ఉండి మన మాట ఒక్కటన్నా పడకపోతే ఎట్ల?" అని ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను నిలదీశారు. కన్వీనరు నిష్పక్షపాతంగా ఉండాలి గనక నేను విల్లు పక్షం దగ్గర విల్లుకూ, ఓడ పక్షం దగ్గర ఓడకూ తల ఊపాను. కిషన్‌లాల్ గారికి మాత్రం లంబాడా ఆడవాళ్ల గాగరాల మీద అద్దాల్లాగ వంతెన నిండా అద్దాలు తాపాలని ఉంది. సంస్కృతి తళతళలాడాలట!

వీళ్లందరిలో రోడ్ల ఇంజనీరు ఏఈ తిరుపతి ఒక్కడే తేలిగ్గా తేల్చాడు. "సిమెంటు తూములు రోడ్డు పక్కన పడున్నయ్. వాగుల వరసగ పేర్చి మీద కాంక్రీటు పోస్తే సరిపోతది," అన్నాడు. ఆయనకు పనిమీద ప్రేమేమీ లేదు. ఏ పని కోసమో వచ్చి ఏళ్లుగా మిగిలిపోయిన తూములవి. లెక్క అడిగితే ఏం చెప్పాలో తెలియక వాటిని వదిలించుకోవాలని చూస్తున్నాడు. అన్నన్ని ఆకారాల మధ్య తూము అన్న మాట వినపడేసరికి హాలు మొత్తం భగ్గుమంది.

"త్యాగధనుడి స్మారకం తూములా?"

"ఆత్మ ఏది అందులో? ఆత్మ ఏది?"

తూముల్లో ఆత్మ లేదు, పందులు మాత్రం ఉన్నాయి. తిరుపతి కూర్చున్నాడు. మోతీ లేచింది.

"సారూ, మీ వంతెన కింద నీళ్లు పోతయా? మీద మనుషులు పోతరా? గంతే అడుగుతున్న."

హాల్లో అందరూ నా వైపు చూశారు. నేను వెంటనే తేరుకుని, "ఇది చాలా లోతైన భావోద్వేగ అభిప్రాయం. కమిటీ సానుభూతితో పరిశీలిస్తుంది," అని ప్రకటించాను. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

మా ఆవిడ హెప్సిబా నర్సు. లచ్చతండా ఆమె పరిధిలోనే ఉంది. వంతెన లేని ఆ ఏడాదంతా ఆమె టీకాల డబ్బా నెత్తిన పెట్టుకుని, చీర పైకి దోపుకుని, వాగులో దిగి తండాకు పోయి వస్తుండేది. తడిసిన చీరతో ఇంటికి వచ్చేసరికి నేను పడక్కుర్చీలో కూర్చుని, 'సేతువు' బాగుంటుందా 'వారధి' బాగుంటుందా అని ఆలోచిస్తూ ఉండేవాణ్ణి.

"ఏమయ్యా, ఇవాళ ఎన్ని అభిప్రాయాలు సేకరించినవ్?"

"చాలా వచ్చాయి హెప్సీ. ప్రజల్లో మంచి చైతన్యం ఉంది."

"వాటిని వరసగ పరిస్తే మోకాళ్లు తడవకుండ అవతలికి పోవచ్చా?"

ఆడవాళ్లకు ప్రజాస్వామ్య ప్రక్రియ అర్థం కాదు అనుకుని నేను కళ్లు మూసుకునేవాణ్ణి. అర్థం కానిది ఎవరికో తర్వాత తెలిసింది.

మళ్లీ వానలు వచ్చాయి. ఆఖరి ఓటింగు పెట్టుకున్న రోజు అది. అప్పటికి అన్ని పక్షాలనూ తృప్తిపరచడానికి భార్గవి చేత నమూనాను ఎన్నోసార్లు మార్పించాం. చివరికి తేలింది ఏమిటంటే, విల్లు ఆకారపు వంతెన, విల్లు నడుమ ఓడ, ఓడ చుట్టూ అద్దాలు, రెండు కొసలా నెమళ్లు, ముందు విగ్రహం. భార్గవి ఆ థర్మోకోల్ నమూనాను బల్ల మీద పెట్టి అలసిపోయిన గొంతుతో, "అన్నీ పట్టాయి సర్. మనుషులు నడవడానికే చోటు దొరకట్లేదు," అన్నది.

"అది తర్వాత చూద్దామమ్మా," అన్నారు అధ్యక్షులు.

ఆ పిల్ల సంచీ సర్దుకుని కారేపల్లి బస్సెక్కింది. మళ్లీ కనిపించలేదు. నెమళ్లు ఏ రంగులో ఉండాలో చేతులెత్తించి లెక్కపెడుతున్నాను, నా సెల్ఫోను మోగింది. హెప్సిబా! అవతలి ఒడ్డు నుంచి.

"మోతీ కోడలు సువర్ణకు నొప్పులొచ్చినయ్. నెత్తురు ఆగుత లేదు. 108 బండి వచ్చి మీ బడి ముందరనే ఆగింది, వాగు దాటి రాలేదు గద! మంచం మీద మోసుకొస్తున్నం. వాగు ఛాతీ దాక ఉన్నది. మనుషుల్ని తీస్కొని జల్దీ రా!"

నేను అధ్యక్షులకు చెప్పాను.

"అయ్యో పాపం! రెండు నిమిషాలు ఆగమను. ఓటింగు అయిపోతాంది," అన్నారు.

అప్పుడు నాకేమైందో తెలియదు. రంగు చూపించడానికి పట్టుకున్న నెమలీకను బల్ల మీద పడేసి పరిగెత్తాను. మా ఊరివాళ్ల గురించి ఒక మంచి మాట చెప్పాలి. విల్లు పక్షం, ఓడ పక్షం అంతా నా వెనకే పరిగెత్తారు. ఖాళీ హాల్లో ఎవరి ఓట్లు లెక్కపెట్టుకుంటారు? అధ్యక్షులూ, తిరుపతీ కూడా బయల్దేరారు.

ఒడ్డుకు చేరేసరికి మంచం వాగు నడుమ ఉంది. నలుగురు మనుషులు మంచం కోళ్లు నెత్తిన పెట్టుకుని, ఎర్రటి నీళ్లలో అడుగు తడుముకుంటూ వస్తున్నారు. పక్కనే హెప్సిబా ఒక చేత్తో మంచం పట్టుకుని, ఇంకో చేత్తో సువర్ణ చేయి పట్టుకుని ఉంది. మంచం మీద నుంచి "యాడీ, యాడీ" అని ఆ పిల్ల అమ్మను తలుచుకుని ఏడుస్తోంది. ముందు కోడు పట్టిన మనిషికి గడ్డం బాగా పెరిగి ఉంది. వెనకవాళ్లలో ఒకడి కాలు జారింది. మంచం ఒరిగింది.

"మెల్లగ! ఊగుతాంది!" అని అరిచాడు ముందువాడు.

ఆ గొంతు! ఆ మాట! ఒడ్డున ఉన్న మేమందరం బిగుసుకుపోయాం. అధ్యక్షులు నా భుజం పట్టుకున్నారు.

"సంసోను సారూ... కీర్తిశేషులు!"

భయపడటానికి అప్పుడు తీరిక లేదు. మేం కొందరం నీళ్లలోకి దిగి మంచం అందుకున్నాం. నాకు ఈత రాదు. హెప్సిబా నన్ను చూసి తన వైపు కోడు చూపించింది, పట్టుకున్నాను. సువర్ణను బండెక్కించారు. హెప్సిబా తడిబట్టలతోనే పక్కన కూర్చుంది. బండి కూత వేసుకుంటూ ఖమ్మం దవాఖానాకు పోయింది.

కీర్తిశేషుడు పూల్‌సింగ్ ఒడ్డున కూర్చుని ధోవతి పిండుకుంటున్నాడు. చుట్టూ కమిటీ. ఎవరికీ ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు. సంతాపం తెలిపిన మనిషితో మాట్లాడే పద్ధతి ఏ వ్యాకరణంలోనూ లేదు!

"అన్నా, నువ్వు బతికే ఉన్నవా?" అన్నారు అధ్యక్షులు, కొంచెం నేరం మోపినట్టు.

"ఉన్న. వాగు ఒంపుల చెట్టుకొమ్మ దొరికింది. అడవి అంచుకు మా చెల్లెలింటికి పోయి పడ్డ. కాలు బెణికి లేవలేకపోయిన."

"మరి రాలేదేంది?"

పూల్‌సింగ్ మంచం వెంట వాగు దాటొచ్చిన మోతీ వైపు చూశాడు. మోతీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"నేనే వద్దన్న," అంది. "ఈయన పోయిండని ఆడబిడ్డకు చెప్పుకొని ఏడ్వనీకి పోతే, అక్కడ అరుగు మీద కూసోని జొన్నరొట్టె తింటున్నడు! ముందు నాలుగు తన్నిన. తర్వాత ఆలోచన చేసిన. ఈయన బతికున్నన్ని ఏండ్లు వంతెన వంతెన అని తిరిగితే ఒక్క జీపు రాలే. పోయిండని తెల్వంగనే అన్ని జీపులొచ్చినయ్! అద్దాలు, కుర్చీలు, మైకులు! 'నువ్ రాకు, వంతెన అయ్యేదాక ఇక్కడ్నే ఉండు' అన్న. తండా మొత్తానికి తెలుసు. మీకే తెల్వదు."

నా చెవుల్లో సంతాపసభ నాటి నా ఉపన్యాసం మోగింది. "అమరుడా, తిరిగి రావా!" అని మూడుసార్లు అడిగాను. ఆయన నిజంగానే రాబోయి ఆగాడన్నమాట!

"ఏడాదాయె," అన్నాడు పూల్‌సింగ్. "మీరు నెమలి దగ్గర్నే ఉన్నరు. ఇయ్యాల కోడలు గిట్లయితాంటే చచ్చినోని లెక్క ఎట్ల కూసుంట? ఇగ నాతోని కాదు. రేపట్సంది బతుకుత."

అధ్యక్షుల ముఖం పాలిపోయింది. "అన్నా, అన్నా! గట్లనకు! విగ్రహం సగం అయింది. ప్రారంభానికి హైదరాబాదు నుంచి పెద్దాయన వస్తనన్నడు. ఇప్పుడు నువ్వు బతికితే మా గతేంది? బతుకుడుకు నీకంత జల్దీ ఏందన్నా? ఇంకొన్ని రోజులు ఓపిక పట్టరాదూ?"

పూల్‌సింగ్ పిండిన ధోవతిని దులిపాడు. వాగు వైపు ఒకసారి చూశాడు.

"సరే. నువ్వు మా తండా పోరనివి. నీ కోసం చచ్చే ఉంట. గని ఒక్కమాట. రోడ్డు పక్కన తూములున్నయ్ గద, వానలు తగ్గంగనే అవి తెచ్చి వాగుల పెట్టుండ్రి. పెట్టలేదనుకో, మీ పెద్దాయన వచ్చిన రోజు స్టేజీ ఎక్కి, మైకు పట్టుకొని, అందరి ముందర బతుకుత!"

ప్రభుత్వాన్ని కదిలించడానికి ధర్నాలు చేసినవాళ్లను చూశాను. నిరాహారదీక్షలు చేసినవాళ్లను చూశాను. బతుకుతానని బెదిరించినవాణ్ణి మాత్రం ఆ రోజే చూశాను!

"తూములకు ప్రజాభిప్రాయం తీసుకోలేదు గదా సార్," అన్నాడు తిరుపతి, అలవాటు కొద్దీ.

"నీ ప్రజాభిప్రాయం వాగుల కలువ!" అన్నారు అధ్యక్షులు. "ఏదో ఒక దారి చూడు!"

తిరుపతి చూశాడు. దారి దొరికింది. 'స్మారక నిర్మాణం' అంటే నమూనా, చర్చ, ఓటింగు అన్నీ కావాలట. 'తాత్కాలిక మరమ్మతు' అంటే ఏమీ అక్కర్లేదట! ఏడాదిపాటు ఆ ఒక్క మాట ఎవరికీ తట్టలేదు. తెలుగు పండితుణ్ణి నాకూ తట్టలేదు.

ఆ సాయంత్రం హెప్సిబా ఫోను చేసింది. ఆడపిల్ల. తల్లికి నెత్తురెక్కిస్తున్నారు, గండం గడిచింది. ఆమె మాటలు మధ్యలో ఆగిపోయాయి. చివరికి ఆమే, "నీకు ఈత రాదు గదయ్యా, ఎందుకు దిగినవ్?" అంది.

వాన తెరిపివ్వగానే తూముల్లోని పందుల్ని తరిమారు. తండావాళ్లూ, ఊరివాళ్లూ కలిసి రాళ్లెత్తారు. విల్లు పక్షంవాళ్లు ఇసుక మోస్తే ఓడ పక్షంవాళ్లు కంకర మోశారు. దీపావళి దాటేసరికి బూరుగువాగు మీద ఏ ఆకారమూ లేని వంతెన ఒకటి అడ్డంగా పడి ఉంది. దాని కింద నీళ్లు పోయాయి. దాని మీద మనుషులు పోయారు. మేకలు అందరికన్నా ముందు పోయాయి.

ఇక ప్రారంభోత్సవం! ఫ్లెక్సీలు, డప్పులు, షామియానా. వంతెన మొగదల పసుపు గుడ్డ కప్పిన నిలువెత్తు విగ్రహం. హైదరాబాదు పెద్దాయన వచ్చారు. ఆయనకు ఇంకా చాలా ప్రారంభాలున్నాయట, చేతి గడియారం చూసుకుంటూనే దిగారు. ఒప్పందం ప్రకారం పూల్‌సింగ్ ఆ పూట తండా దాటి రాకూడదు. కాని దవాఖానా నుంచి పుట్టింటికి పోయిన సువర్ణ పసిపిల్లను తీసుకుని తండాకు వస్తోంది అదే రోజు. మనవరాలు మొదటిసారి గడప తొక్కబోతుంటే ఏ తాత ఇంట్లో దాక్కుంటాడు? ఎర్రటి కొత్త తలపాగా చుట్టుకుని ఆయన ఎదురుపోయాడు. పిల్లను ఎత్తుకుని, వెనక మోతీ, సువర్ణ, తండా ఆడవాళ్లతో సరిగ్గా షామియానా ముందుకు వచ్చేసరికి పెద్దాయన తాడు లాగారు. గుడ్డ జారింది.

తలపాగా పూల్‌సింగ్‌దే. సందేహం లేదు. తలపాగా కింద ఉన్నదంతా మండలాధ్యక్షులు కిషన్‌లాల్ గారిది! గుండ్రటి బుగ్గలు, దట్టమైన మీసం, సఫారీ చొక్కా, జేబులో పెన్ను. మధిరలోని శిల్పి ఫోటో పంపమంటే, పూల్‌సింగ్ ఫోటో ఏదీ దొరకలేదని అధ్యక్షులే స్వయంగా ఒక ఫోటో పంపారట. తండా మనిషి ముఖమే కదా, పోలికలు ఉంటాయిలే అనుకున్నారట!

"గిది నేను కాదు," అన్నాడు పూల్‌సింగ్ పైకే.

పెద్దాయన తిరిగి చూశారు. "నువ్వెవరయ్యా?"

"పూల్‌సింగ్‌ను."

పెద్దాయన ఫ్లెక్సీ వైపు చూశారు. కీర్తిశేషుడు పూల్‌సింగ్ అని నిలువెత్తు అక్షరాలు. నేనే రాశాను, ఒత్తు ఒక్కటీ పోలేదు. ఆయన కనుబొమలు పైకి లేచాయి. కిషన్‌లాల్ గారు ఒక్క ఉదుటున మైకు అందుకున్నారు.

"ప్రజలారా! మన పెద్దాయన ఈ గడ్డ మీద కాలు పెట్టంగనే పోయిన మనిషి తిరిగొచ్చిండు! మా కమిటీ వంతెననే కాదు, మనిషిని కూడ పునర్నిర్మాణం చేసింది!"

డప్పులు మోగాయి. చప్పట్లు, ఈలలు! పెద్దాయనకు కూడా తన పాదం మీద కొంత గౌరవం కలిగినట్టు కనిపించింది. చిరునవ్వు నవ్వారు. నవ్వుతూనే అడిగారు.

"చాలా సంతోషం. మరి ఈ విగ్రహం ఎవరిది?"

డప్పులు ఆగాయి. మోతీ మెల్లగా నడిచి విగ్రహం దగ్గరికి వచ్చింది. విగ్రహాన్ని చూసింది. కిషన్‌లాల్ గారిని చూసింది. మళ్లీ విగ్రహాన్ని చూసింది. ఉన్నట్టుండి రొమ్ము మీద చేత్తో కొట్టుకుంది.

"ఓ కిషన్‌లాలూ! ఎప్పుడు పోయినవ్ కొడుకా! ఒక్క మాటన్నా చెప్పకపోతివి గదరా!"

వెనకున్న తండా ఆడవాళ్లు అర్థం చేసుకోవడానికి క్షణం పట్టలేదు. కొంగులు ముఖాలకు కప్పుకుని, ఒకరి మెడ మీద ఒకరు చేతులేసుకుని రాగం ఎత్తుకున్నారు. చిన్నప్పుడు చింతకాయలు కోసిచ్చినవని ఒకామె, పెద్దోడివై ఖమ్మం పోతివని ఇంకొకామె! వాళ్ల భుజాలు కదిలిపోతున్నాయి. అది ఏడుపు కాదని నాకు తెలుసు. పెద్దాయనకు తెలియదు, అధ్యక్షుల పేరు కూడా తెలియదు. ఆయన ముఖం గంభీరమైపోయింది. విగ్రహం వైపూ, పక్కనున్న అధ్యక్షుల వైపూ మార్చి మార్చి చూసి, అధ్యక్షుల భుజం మీద మెత్తగా చెయ్యి వేశారు.

"మీ అన్నగారా?"

కిషన్‌లాల్ గారి నుదుటి మీద చెమట ధారలు కట్టింది. బతికుండగానే తన విగ్రహం తానే పెట్టుకున్నానని చెప్పాలి. లేదా...

"అవ్ సార్," అన్నారు. "అన్న."

"కవలలా?"

"అవ్ సార్."

"ఎలా పోయారు?"

అధ్యక్షులు చుట్టూ చూశారు. వాగు కనిపించింది.

"వంతెన మీదికెళ్లి పడి సార్."

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సొంత అన్నను పోగొట్టుకుని కూడా ఆ దుఃఖం పైకి కనపడనీయకుండా ప్రజల కోసం వంతెన కట్టిన ఇలాంటి నాయకుడిని తాను చూడలేదన్నారు. విగ్రహం మెడలో పూలదండ వేశారు. దివంగతుని ఆత్మశాంతికి అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించాలన్నారు.

అందరం లేచాం. ఆడవాళ్లు రాగం ఆపి కొంగులు నోళ్లలో కుక్కుకున్నారు. పూల్‌సింగ్ మనవరాల్ని మోతీ చేతికిచ్చి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నర్సుల వరసలో హెప్సిబా నా వైపు చూడకుండా ఆకాశం వైపు చూస్తోంది. నా పక్కన మండలాధ్యక్షులు కిషన్‌లాల్ గారు కూడా తల వంచి, కళ్లు మూసుకుని, చేతులు జోడించి తన మరణానికి తానే మౌనం పాటిస్తున్నారు.

కొంతసేపటికి కళ్లు తెరవకుండానే, పెదాలు కదపకుండానే ఆయన నా చెవిలో అన్నారు.

"సంసోను సారూ... ముక్కు మంచిగొచ్చింది గద?"